మేము పుండు అన్నాం

గుడ్డ ముంచాను, కుండ మీద పరిచి లాగాను, పూతరేకు వచ్చింది. తొమ్మిదిన్నరకి వెళ్ళింది నా మనవరాలు బ్లెస్సీ. ఆస్పత్రిలో పేరు రాయించుకోవాలి, వరసలో కూర్చోవాలి, సూది వేశాక కళ్ళు తిరుగుతాయేమోనని ఇంకో అరగంట అక్కడే ఉంచుతారట, అదంతా అయ్యి కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి పదకొండు దాటుతుందని నేను అనుకుంటున్నాను, ఈపాటికే వచ్చేయాలని లోపల మంచం మీద సువార్త అనుకుంటోంది. గడియారం దాని కళ్ళెదురుగా గోడకే ఉంది, అయినా నన్నే అడుగుతుంది. "వచ్చిందా అమ్మా?" "వస్తుందే, దారిలో ఉంటుంది." గుడ్డ ముంచాను, పరిచాను, లాగాను. తలుపు వేసుకుని చెయ్యాలి ఈ పని, ఆషాఢం గాలి సందులోంచి దూరినా రేకు చిరిగిపోతుంది, తలుపు వేస్తే కొబ్బరాకు పొగ బయటికి పోదు, పొగకి సువార్త దగ్గుతుంది, దగ్గినప్పుడల్లా పొత్తికడుపులో నొప్పి లేస్తుంది, అరవకుండా తలగడ కొస కొరుక్కుంటుంది నా కూతురు. పొయ్యి ఆర్పేయనా అంటే, వద్దమ్మా, ఆ చుయ్యిమనే చప్పుడు వింటుంటే చిన్నప్పటిలా ఉంటుంది అంటుంది. అందుకని ఆపలేదు, అందుకని కాదులే, సాయంత్రానికి ఇవ్వాలి ఈ రేకులు.

నలభై ఏళ్ళుగా ఇదే పని. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళు, అందులో ముంచిన గుడ్డని కుండ వీపు మీద పరిచి లాగితే రెప్పపాటులో పొర ఆరిపోయి అంచులు లేస్తాయి, వేళ్ళతో తియ్యాలి. నా వేళ్ళ మీద గీతలు ఎప్పుడో పోయాయి. ఆధార్ కార్డు తీసే రోజున ఎన్నిసార్లు నొక్కినా మిషను నా వేలు పట్టుకోలేదు. "మామ్మగారూ, మీరసలు ఉన్నారా అండీ?" అంది మిషను దగ్గరి అమ్మాయి. "ఉన్నానమ్మా, ఇంకో రెండు సార్లు నొక్కి చూడు" అన్నాను, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఈ ఇంట్లో తెల్లగుడ్డలు రెండు రకాలు. ఒకటి ఈ రేకుల గుడ్డ. రెండోవి సువార్త కింద వేసేవి, మా పాత చీరలు, దుప్పట్లు చింపినవి, రోజుకి నాలుగు, ఐదు. వాటిని తెల్లవారకముందే అవతలి రేవుకి పట్టుకుపోయి ఉతుకుతాను, రేకుల గుడ్డ ఇవతలి రేవులో అందరూ చూస్తుండగా ఉతుకుతాను. రెండూ ఒక తీగ మీద ఎప్పుడూ ఆరెయ్యలేదు. ఎవరైనా చూస్తే నా రేకు ముట్టుకోరు. వాసన తెలియకుండా సాంబ్రాణి పుల్లలు వెలిగిస్తాను, మేం చర్చికి పోయేవాళ్ళమే అయినా వెలిగిస్తాను, పాస్టరమ్మ వచ్చినప్పుడు చూసి ఏమీ అనలేదు, ముక్కుకి కొంగు మాత్రం అడ్డం పెట్టుకుంది.

ఈ రేకులు మాణిక్యాంబ గారింటికి. ఊళ్ళో పెద్ద వ్యవసాయం వాళ్ళది, నేను పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళ పెరట్లో పని చేశాను. ఆవిడ మనవరాలు పూజితకి డాక్టరు సీటు వచ్చింది, చుట్టాలందరికీ పూతరేకులు పంచుతారు. మా పేటలో తీసిన రేకుని వాళ్ళింట్లో వంటమనిషి నెయ్యి రాసి, బెల్లప్పొడి చల్లి చుడుతుంది. రేకుకి నిప్పు తగిలింది కాబట్టి దానికి అంటు లేదు అనేవారు మాణిక్యాంబ గారి అత్తగారు, అందరికీ వినపడేలా, నేను అక్కడే నిలబడి ఉండగా. నేను ఆయ్ అనేదాన్ని. రేకు తీసిన చెయ్యి కూడా రోజూ నిప్పులోనే ఉంది కదండీ అని అడగాలని ఎప్పుడూ తోచలేదు, ఇప్పుడు తోస్తోంది, ఆవిడ పోయి పాతికేళ్ళయింది.

"వచ్చిందా?" "లేదే. కాస్త మంచినీళ్ళు తాగుతావా?" "అది వచ్చాక తాగుతాను." గుడ్డ ముంచాను. నా పేరు దీవెనమ్మ. మనవరాలు పుట్టినప్పుడు, "నీ పేరే పెట్టానమ్మా" అంది సువార్త. "బ్లెస్సీ అంటున్నావు, అందులో నా పేరెక్కడుందే?" అన్నాను. "ఇంగ్లీషులో బ్లెస్సీ అంటే దీవెనే కదే పిచ్చి అమ్మా" అని పడీపడీ నవ్వింది, కుట్లు నొప్పెడుతున్నా నవ్వింది. ఒకటే మాట, రెండు పేర్లు. ఆ సంగతి నాకు అప్పుడే చెప్పింది మరి. చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం కడుతున్న రోజున పుట్టింది పిల్ల, చలిలో, సార్వా కోతలు అయిపోతుండగా. నాలుగున్నరేళ్ళకే బడిలో వేశాం. సువార్త ఊడుపులకి పోయేది, నేను పొయ్యి దగ్గర, పిల్లేమో పాక్కుంటూ, పరిగెత్తుతూ మంట దగ్గరికే వచ్చేది, ఒకసారి మోచెయ్యి బొబ్బలెక్కింది. బడిలో అయితే అన్నం పెడతారు, గుడ్డు పెడతారు. వీరబ్రహ్మం మాస్టారు కళ్ళజోడు పైకెత్తి పిల్లని చూసి, "దీనికి అయిదెక్కడ నిండాయమ్మా?" అన్నారు. "ఏదో ఒకటి రాసెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతాను." ఆయన నవ్వేశారు. "సరే, ఆర్నెల్లు పెద్దదాన్ని చేస్తున్నాను. ఆర్నెల్లు ముందే పెళ్ళి చేసెయ్యకండి మళ్ళీ." మా పేట పిల్లలందరూ ఆయన పుస్తకంలో జూన్ నెలలోనే పుట్టారు. మంచి మనిషి, రిటైరై తునిలో కూతురి దగ్గర ఉంటున్నారట.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది, పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మొట్టమొదట అదే అడిగింది, ఈవిడకి పెళ్ళి ఎన్నో ఏట చేశారు అని. పదహారు అన్నాను. రాసుకుంది. ఎందుకు రాసుకుందో అడగలేదు నేను. అంతకుముందు రెండేళ్ళు తెల్లబట్ట అన్నాం. మోకాల్లోతు బురదలో ఊడ్చే ఆడదానికి తెల్లబట్ట కాకపోతే ఇంకేం అవుతుంది అనుకున్నాం, మందులషాపు సురేష్‌బాబు మాత్రలిచ్చాడు, వేడి చేసింది మజ్జిగ తాగమన్నాడు, తాగింది. తర్వాత ముట్టు నెలకి రెండుసార్లు, తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు, చివరికి చేలో గట్టు మీద పడిపోతే ఆటోలో వేసుకుపోయాం. డాక్టర్లు నా అల్లుడు రాజరత్నాన్ని లోపలికి పిలిచారు. మండపేట మిల్లులో లారీ తోలతాడు, వారానికోసారి వస్తాడు, మంచివాడే, చేతిలో తాళాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళి, తిప్పకుండా బయటికి వచ్చాడు. "పుండంట అత్తా. లోపల. కరెంటు పెడితే మాడిపోద్దంట." ఆ మాటే చాలనుకున్నాను. పుండు నాకు తెలుసు, నా చేతుల మీద ఎన్ని లేవలేదు, ఎన్ని మానలేదు. పుండంటే మానేదే కదా. ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టించి ఇంటికి తీసుకొచ్చాం, పేటలో ఎవరడిగినా పుండు అన్నాం, ప్రార్థనలో పాస్టరు గారు కూడా ప్రభువా ఈ సహోదరి పుండును మాన్పుము అన్నారు.

రేకు చిరిగింది. మంట ఎక్కువైంది, ఆకు వెనక్కి లాగాలి. కొబ్బరాకు అలాగే మండుతుంది, గుప్పుమని. కాయితం కూడా. ఫిబ్రవరిలో బ్లెస్సీ బడి నుంచి తెచ్చిన కాయితం. ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెడితే సూది వేస్తారట, ఊరికేనట. నేను బడికి పోలేదు గాని చదవగలను, పెద్దక్షరాల బైబిల్ మీద వేలు పెట్టి పాస్టరమ్మ నేర్పింది, నా తోటి ఆడవాళ్ళలో నాకొక్కదానికే వచ్చింది చదువు, అందరి ఉత్తరాలూ నేనే చదివేదాన్ని, ఆ గర్వం ఉంది నాకు. అసలు రాకపోయినా బాగుండేది, చెప్పింది వినేదాన్ని. కాయితం మీద వేలు పెట్టాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా అని ఉందట, ఇప్పుడు తెలిసింది. ఆ రోజు మొదటి మాటలో గర్భ వరకూ చదివాను, నోరు తిరగనివి దాటేశాను, నివారణ దగ్గర వేలు ఆగింది. గర్భ, నివారణ. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు చదవకుండానే తెలుసు. ఎర్ర త్రికోణం బొమ్మ వేసి ఊరూరా గోడల మీద రాసేవారు ఆ మాట. ఇరవై మూడేళ్ళు నాకు అప్పుడు, సువార్త చంకలో, ఇంకోడు పాలు తాగుతున్నాడు. పేట ఆడవాళ్ళని ట్రాక్టరు ఎక్కించి తీసుకుపోయారు, బడి బెంచీలు రెండేసి కలిపి పడుకోబెట్టారు, ఒకావిడకి కుట్టేసి రెండో ఆవిడకి కోసేవారు, సంతకం అడగలేదు, చెయ్యి పట్టుకుని వేలికి సిరా పూశారు. మరుసటేడు నా బాబు జ్వరంతో పోయాడు. మళ్ళీ కనడానికి నా దగ్గర ఏమీ లేదు. మాణిక్యాంబ గారు ఆ ట్రాక్టరులో లేరు. ఆవిడకి నలుగురు పిల్లలు.

"ఇది పిల్లలు పుట్టకుండా వేసే సూదే" అన్నాను. "కాదమ్మమ్మా, క్యాన్సర్‌కి అని ఉంది చూడు" అంది బ్లెస్సీ. "క్యాన్సర్ నోటికొస్తుందే, చుట్టలు కాల్చేవాళ్ళకి. మీ తాత పోయింది దాంతోనే. పద్నాలుగేళ్ళ పిల్లకి గర్భంలో క్యాన్సరేంటి? పేరు మార్చి వేస్తున్నారు." ఇంకొకటి కూడా ఉంది నా మనసులో. కొండచీపుర్లు అమ్ముకోవడానికి వచ్చే కోయ ఆవిడ చాలా ఏళ్ళ కిందట మా అరుగు మీద కూర్చుని చెప్పింది, ఏజెన్సీలో హాస్టలు పిల్లలకి ఇలాంటి సూదులే వేశారని, అమ్మల్ని అడక్కుండా వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారని, తర్వాత కొందరు పిల్లలు పోతే ఆపేశారని. నిన్న మా ఊరి నర్సు, ఏఎన్నెమ్మ మీనాకుమారిని అడిగాను ఆ సంగతి. "ఆ పిల్లలు పోవడానికీ సూదికీ సంబంధం లేదని తేల్చారు మామ్మగారూ" అంది, మళ్ళీ తనే, "అమ్మల్ని అడగకపోవడం మాత్రం నిజమే" అంది. ఆ ఒక్క మాటకి ఆవిడ మీద నమ్మకం కుదిరింది నాకు. ఫిబ్రవరిలో కుదరలేదు, ఫిబ్రవరిలో అడగనే లేదు. సువార్త మంచం మీంచే అంది, "వద్దులే బ్లెస్సీ, అమ్మమ్మ చెప్పినట్టు విను. ముందు నా పుండు తగ్గనీ." కాయితం కుండ కింద పెట్టాను. రెండు రేకులు వచ్చేంతసేపు మండింది.

"అమ్మా, వర్షం వస్తోందా?" "లేదే, మబ్బే." "దానికి గొడుగు ఇచ్చావా?" ఇవ్వలేదు. ఇచ్చానన్నాను. గుడ్డ ముంచాను, పరిచాను. తెల్లటి చెయ్యి గుర్తొస్తోంది, పూజిత చెయ్యి. నాలుగేళ్ళు అయింది, తొమ్మిదో తరగతి పిల్ల, రాజమండ్రి తీసుకెళ్ళి కారులో తెచ్చారు, భుజం వాచిందని ఏడుస్తోంది. "ఏంటమ్మగారూ, పాపకి ఏమైందండీ?" అన్నాను. "ఏం లేదే, జ్వరానికి ఇంజెక్షను. కాస్త కాపడం పెట్టు" అన్నారు మాణిక్యాంబ గారు. వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, ఆ భుజానికి అద్దాను, చల్లారితే మళ్ళీ ముంచాను, అరగంట. ఒళ్ళు చల్లగానే ఉంది పిల్లకి. జ్వరం లేదేంటా అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను. ఈ చేతుల్తోనే పట్టుకున్నాను ఆ సూది పడిన చోటుని, బఠాణీ గింజంత గట్టిగా తగిలింది.

ఆ పిల్లే మొన్న వచ్చింది, రేకులు ఎన్ని కావాలో చెప్పడానికి. చిన్నప్పటిలాగే గుమ్మంలో కూర్చుంది, మామ్మా మామ్మా అంటూ. పిండిగిన్నె మీద ఈగలు వాలకుండా ఆస్పత్రి అట్ట మూత పెట్టాను, సువార్త కాయితాల అట్ట. డాక్టరు కాబోయే పిల్ల కదా, తీసి చదివింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించేసింది. "మామ్మా, సువార్తత్తకి సర్వైకల్ క్యాన్సరా?" "కాదమ్మా, పుండు." "పుండు కాదు మామ్మా... పుండంటే అదే. గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్. నాకు నైన్త్‌లో వ్యాక్సిన్ వేయించారే, అది దీనికే. బ్లెస్సీకి వేయించేశారా? ఇప్పుడు స్కూల్లో ఫ్రీ కదా." నేను రేకు తియ్యడం మర్చిపోయాను, అది కుండ మీదే మాడి నల్లబడింది. లోపల్నుంచి సువార్త, ఎంతో మామూలుగా, "ఏ క్యాన్సర్ పూజితమ్మా?" అంది.

అలా తెలిసింది నా కూతురికి. రాజరత్నానికి ఫోన్ చేస్తే లారీ హోరులోంచి, "చెప్తే ఏం చేసేవోళ్ళు అత్తా? ఏడ్చేవోళ్ళు" అన్నాడు, ఫోన్ పెట్టెయ్యకుండా తనే ఏడ్చాడు. చెప్పి ఉంటే కాయితం చదివేదాన్నిరా నాయనా, క్యాన్సర్ అన్న చోట వేలు ఆగేది. సాయంత్రం మాణిక్యాంబ గారింటికి వెళ్ళి పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. "అమ్మగారూ, ఆ రోజు పాపకి కాపడం పెట్టించారు, గుర్తుందాండీ?" ఆవిడకి గుర్తుంది. "ఆడపిల్ల విషయం కదే దీవెనా, పనివాళ్ళ ముందు గర్భసంచీ అదీ అని ఎలా చెప్తాం, నలుగురూ ఏమనుకుంటారు? అయినా రాజమండ్రిలో అది మాకే బరువైంది, నీకు చెప్పి ఏం లాభం?" అన్నారు. తర్వాత, "స్కూళ్ళో ఇస్తున్నారంటే నీకు తెలిసే ఉంటుందనుకున్నాను" అన్నారు. సువార్తకని మామిడి రసాలు నాలుగు నా కొంగులో పోశారు. తెచ్చాను. వద్దనాలి, అనలేదు, అది తింటుందేమోనని. వాళ్ళు ఇంగ్లీషులో ఒకటన్నారు, కాయితం మీద సంస్కృతంలో ఒకటి రాశారు, మేము పుండు అన్నాం. మూడూ ఒకటేనని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ముందే చెప్పి ఉంటే.

సువార్త ఏడవలేదు. నెల రోజులుగా తనంత తను లేవలేని మనిషి మోచేతుల మీద లేచి కూర్చుంది. "దానికి వేయించు అమ్మా. నా గురించి ఇంకేం చెయ్యకు. దానికి వేయించు" అంది. అప్పట్నుంచీ అదే మాట. నిన్న మీనాకుమారి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "రేపు గురువారం ఆఖరండీ, మిగిలిపోయిన పిల్లలకి వేస్తున్నాం. పద్నాలుగు నిండి పదిహేను నిండకుండా ఉండాలి." "క్రిస్మస్‌కి నిండుతాయండీ దానికి పదిహేను" అన్నాను. "అయితే ఇబ్బంది లేదు మామ్మగారూ. సంతకం పెట్టి, ఆధార్ కార్డు ఇచ్చి పంపించండి." పొద్దున్న సంతకం పెట్టాను. వేలిముద్ర కాదు, సంతకం, దీ, వె, న, మ్మ, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు. ప్రతి మాటా చదివాను ఈసారి, ముఖద్వార కూడా చదివాను, మూడుసార్లు.

సైకిలు గంట. "వచ్చింది" అంది సువార్త నాకంటే ముందే. తలుపు తీసుకుని బ్లెస్సీ లోపలికి వచ్చింది, గాలి కూడా వచ్చి పక్కన పేర్చిన రేకులు రెండు లేచిపోయాయి, పోనీ. చేతి మీద దూది, దాని మీద తెల్ల పట్టీ, అడ్డంగా. తిన్నగా అమ్మ దగ్గరికి పోయి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జబ్బ చూపించింది. సువార్త చూపుడువేలితో పట్టీ చుట్టూ మెల్లగా రాసింది. "నొప్పా?" "కొంచెం." "ఏడిచావా?" "నేనా? సూది వేసిన ఆవిడే భయపడింది నన్ను చూసి." సువార్త నవ్వింది. పళ్ళు కనపడేలా నవ్వి ఎన్నాళ్ళయిందో. "మంచినీళ్ళియ్యి" అంది, గ్లాసు సగం తాగింది. "అమ్మా, దానికి కాపడం పెట్టు. పూజితకి పెట్టావంట కదా."

వేడిగుడ్డ కోసం పొయ్యి దగ్గరికి వచ్చాను, నా వెనకే బ్లెస్సీ వచ్చింది. కుండ కింద మంటకేసి చూస్తూ, పెదవులు కదలకుండా అంది. "వెయ్యలేదమ్మమ్మా."

"ఏంటి?"

"ఆధార్ కార్డు మీద బడిలో రాసిన జూన్ ఒకటే ఉంది కదా. పదిహేను నిండి నెల దాటిపోయిందంట. క్రిస్మస్‌కి పుట్టానండీ అంటే నవ్వారు, కంప్యూటర్ తీసుకోదంట. కావాలంటే బయట కొనుక్కోమన్నారు. దూది నేనే అడిగి అంటించుకున్నాను." పట్టీ సర్దుకుంటూ, "ఫిబ్రవరిలో అయితే సరిపోయేదంట" అంది. తప్పు పడుతున్నట్టు కాదు. వాళ్ళు చెప్పింది చెప్పింది, అంతే.

ఏదో ఒకటి రాసెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఆర్నెల్లు పెద్దదాన్ని చేస్తున్నాను.

"అమ్మా, ఏం చేస్తున్నావే? వేడి చల్లారిపోతుంది, తీసుకురా" అంటోంది సువార్త. రేకుల గుడ్డని కడిగి, పిండి, నాలుగు మడతలు వేసి, కుండ వీపు మీద పెట్టాను, చుయ్యిమంది. పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చుని, నా పేరు పెట్టుకున్న పిల్ల జబ్బని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పట్టీ చుట్టూ అద్దాను. గీతలు లేకపోయినా నా వేళ్ళకి తెలుస్తుంది. మెత్తగా ఉంది కండ, ఎక్కడా గట్టిపడలేదు, ఎక్కడా ఏమీ లేదు. బ్లెస్సీ అమ్మ మొహంలోకి చూస్తూ, అబ్బా అంది.

"మెల్లగా అమ్మా" అంది సువార్త. "చల్లారితే మళ్ళీ ముంచు. పూజితకి పెట్టినంతసేపు పెట్టు."